విద్యార్థులకు అణుబాంబుతో నేమి పని?

అణ్వస్త్రములను నిర్మూలింపవలెనని విశ్వవిద్యాలయముల విద్యార్థులు సభలు చేయుటయు, చేవ్రాళ్లు సేకరించుటయు, తమ విద్యాలయముల పాలకులను లెక్కలడుగుటయు చూచి కొందరు పెద్దలు నొసలు చిట్లించుచున్నారు. విద్యార్థులకు చదువే పని యనియు, ఆయుధముల సంగతి ప్రభుత్వములు చూచుకొనుననియు, పరీక్షలలో నెగ్గుట చేతగానివారు ప్రపంచమును రక్షింప బయలుదేరినారనియు వారి యెత్తిపొడుపు. ఈ మాట అమెరికాలో నందురు, జపానులో నందురు, మన యూళ్ల పఠనమందిరములలోను అందురు. అనువారు చెడ్డవారు కారు. బిడ్డలు ప్రయోజకులు కావలెనని కోరువారే. కాని వారి వాదము నిలుచునది కాదు. ఏల నిలువదో విచారింతము.

ఈ యాక్షేపణ మనకు క్రొత్తది కాదు. 1907లో బిపిన్ చంద్రపాలుగారి యుపన్యాసముల వేడిమిలో రాజమహేంద్రవరపు ట్రెయినింగు కాలేజీ విద్యార్థులు వందేమాతర మన్నప్పుడు ఆనాటి యధికారులును ఈ మాటయే యనిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కాలేజీనుండి వెడలగొట్టిరి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరము పాడినవారిని బహిష్కరించినప్పుడును ఈ మాటయే. ఆ బహిష్కృతులలో పలువురు నాగపురము పోయి చదువు సాగించిరి. వారిలో నొకరగు పి.వి. నరసింహారావుగారు తరువాత దేశమునకు ప్రధానమంత్రి యయిరి. వారి చదువు చెడలేదు. వారివలన దేశము చెడలేదు. అయినను పూర్వోదాహరణము చూపినంతమాత్రమున వ్యాజ్యెము గెలువదని న్యాయవాదులమైన మాకు తెలియును. అణ్వస్త్రముల విషయమున విద్యార్థికి తక్కిన పౌరులకన్న నొక మెట్టు ఎక్కువ హక్కు కలదని మా వాదము. ఆ హక్కు ఎక్కడనుండి వచ్చినదో సాక్ష్యముతో చూపెదము.

అణుబాంబు పుట్టినది సైనిక శిబిరమున కాదు, విశ్వవిద్యాలయమున. కాలిఫోర్నియా రాష్ట్రములో బర్కిలీ విశ్వవిద్యాలయమున గిల్మన్ హాలు అను భవనము కలదు. అందులో 307వ నంబరు గదిలో 1941 ఫిబ్రవరి మాసమున ప్లుటోనియము అను మూలకమును మొదటిసారిగా గుర్తించిరి. ఆ పని నడిపిన సీబోర్గు పండితునికి అప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. రసాయన పరీక్షలు స్వయముగా చేసిన ఆర్థర్ వాల్ ఆయన వద్ద పరిశోధన చేయుచుండిన విద్యార్థి. విద్యార్థులకు బాంబుతో నేమి పని యని యడుగువారు ఈ సంగతి మరవరాదు. బాంబులో పోయు పదార్థమును వేరుచేసి చూపినది విద్యార్థి చేయి. ఆనాడు ఆ విద్యార్థిని పిలిచి, నాయనా, నీ చదువు నీవు చదువుకొనుము, ఆయుధముల జోలికి పోకుము అని చెప్పిన పెద్దమనిషి ఒక్కడును లేడు.

మరుసటి సంవత్సరము 1942 డిసెంబరు 2వ తేదీన చికాగో విశ్వవిద్యాలయపు క్రీడాస్థలములో, ప్రేక్షకులు కూర్చుండు మెట్ల క్రింద బంతియాట కని కట్టిన గదిలో, ఫెర్మీ పండితుడు శృంఖలచర్యను మొదటిసారిగా నడిపి చూపెను. ఒక పరమాణువు పగిలి మరియొక దానిని పగులగొట్టి, అట్లు తనంత తాను సాగిపోవు ఆ చర్యయే బాంబునకు ప్రాణము. ప్లుటోనియము పుట్టినది పాఠశాల గదిలో; దానిని విరివిగా చేయు మార్గము తెలిసినది ఆటస్థలములో. లాస్ ఆలమాసులో బాంబు చేసినవారిలో నెందరో కాలేజీ గడప దాటి నాలుగేండ్లయిన గాని వారు. రిచర్డు ఫైన్‌మన్ అక్కడ చేరునాటికి ఆయన వయస్సు ఇరువదినాలుగు. బాంబు చేయుటకు చాలిన వయస్సు, బాంబు వలదనుటకు చాలకపోవుట యెట్లు?

ఇక ఆ చదువు ఎక్కడికి చేరినదో చూడుడు. 1945 ఆగస్టు 9వ తేదీ, ఉదయము పదకొండుగంటల రెండు నిమిషములు. నాగసాకి నగరములో ఉరకామి లోయపైన దాదాపు ఆరు కిలోగ్రాముల ప్లుటోనియము గల బాంబు ప్రేలినది. దాని క్రింద అరమైలుకన్న తక్కువ దూరమున నాగసాకి వైద్యకళాశాల కలదు. అది తరగతులు జరుగు వేళ. అధ్యాపకులు, విద్యార్థులు, ఆసుపత్రి సిబ్బంది కలిసి దాదాపు తొమ్మిదివందలమంది ఆ కళాశాలలో మరణించిరి. కొయ్యతో కట్టిన తరగతి గదులలో పాఠము వినుచుండిన పిల్లలు కూర్చున్నచోటనే కాలిపోయిరి. అంతకు మూడు దినములకు ముందు హిరోషిమాలో ఇండ్లు పడగొట్టి అగ్నిమార్గములు తీర్చుటకై బడులనుండి వెడలించి తెచ్చిన బాలబాలికలు దాదాపు ఆరువేలమంది చనిపోయిరి. బర్కిలీలో ఒక విద్యార్థి చేతిలో పుట్టిన పదార్థము నాలుగున్నర సంవత్సరములు తిరుగకముందే భూగోళమునకు అవతలి ప్రక్కను మరియొక విద్యాలయములో పాఠము వినుచుండిన విద్యార్థుల తలలపైన పడినది. మొదట విద్యార్థి, కడపట విద్యార్థి. మధ్యనున్నవారు మాత్రము విద్యార్థికి ఇందులో ప్రసక్తి లేదనుచున్నారు!

పండితులు ఊరకున్నారా యని అడుగవచ్చును. ఊరకుండలేదు, కాని ఆలస్యము చేసిరి. 1945 జూన్ 11వ తేదీన చికాగోలోని శాస్త్రజ్ఞులు ఫ్రాంకు పండితుని యధ్యక్షతను ఒక నివేదిక వ్రాసిరి. జనులపై బాంబు వేయక, నిర్మానుష్య ప్రదేశమున లోకమునకు చూపవలెననియు, లేనిచో ఆయుధముల పోటీ తప్పదనియు అందు హెచ్చరించిరి. ప్లుటోనియమును కనుగొన్న సీబోర్గు కూడ దానిపై చేవ్రాలు చేసెను. జూలై 17వ తేదీన సిలార్డు పండితుడు డెబ్బదిమంది చేవ్రాళ్లతో అధ్యక్షునకు విజ్ఞాపనము పంపెను. అది అధ్యక్షుని చేతికి చేరనేలేదు. రోట్‌బ్లాట్ అను పోలెండు దేశపు శాస్త్రజ్ఞు డొక్కడు, జర్మనీవద్ద బాంబు లేదని తెలిసిన వెంటనే, 1944 చివర లాస్ ఆలమాసును విడిచి వెడలెను. తక్కినవారి మనస్సాక్షి మేల్కొనునప్పటికి వస్తువు చేయిజారినది. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లయినది. పని యారంభించునాడు అడుగవలసిన ప్రశ్నను పని ముగిసిననాడు అడిగిన ఫలమిది. ఈ చరిత్రలో విద్యార్థికి ఒకే పాఠము కలదు. నీ చదువు ఏ పనికి పోవుచున్నదో చదువుచున్నప్పుడే అడుగుము. ఉద్యోగపత్రముపై సంతకము చేసిన తరువాత అడుగుట కష్టము. పింఛను పుచ్చుకొన్న తరువాత అడుగుట వ్యర్థము.

అది యుద్ధకాలపు మాట, ఇప్పుడు విశ్వవిద్యాలయములకు బాంబుతో సంబంధమేమని పెద్దలు బదులు చెప్పవచ్చును. ఉన్నది. అమెరికా అణ్వస్త్రములను రూపొందించునవి లాస్ ఆలమాసు, లివర్‌మోరు ప్రయోగశాలలు. మొదటిదానిని 1943 నుండియు, రెండవదానిని 1952 నుండియు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని నడపెను. 2006, 2007 సంవత్సరములలో ఆ నిర్వహణ ఉమ్మడి సంస్థలకు మారినను విశ్వవిద్యాలయము అందులో భాగస్వామిగనే నిలిచెను. 2018 నుండి లాస్ ఆలమాసును నడపు సంస్థలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముతోబాటు టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయము కూడ చేరినది. అణ్వస్త్ర నిర్మూలనమునకు పాటుపడు ఐకాన్ అను అంతర్జాతీయ సంఘము 2019లో ప్రకటించిన నివేదికలో అమెరికాలో దాదాపు ఏబది విశ్వవిద్యాలయములకు అణ్వస్త్రముల పనితో నేదో యొక రూపమున సంబంధము కలదని చూపినది. ఒక చోట నిర్వహణము, ఒక చోట పరిశోధన, మరియొక చోట ఉద్యోగులను తయారుచేయు శిక్షణము. విద్యాపీఠము బాంబులో భాగస్వామి యైనప్పుడు విద్యార్థి తన యింటి లెక్కయే అడుగుచున్నాడు గాని పొరుగింటి లెక్క కాదు.

ఆ లెక్క అడిగినవారి సంగతియు చెప్పవలసియున్నది. 2007 మే మాసమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు, తమ పేర బాంబు చేయరాదని కొన్ని దినములు నిరాహారదీక్ష పూని, పాలకమండలి సభకు పోయి తమ మాట వినిపించిరి. మండలి వినెను, ఒడంబడికను మాత్రము వదలుకొనలేదు. అంతకు పూర్వము 1969 మార్చి 4వ తేదీన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో విద్యార్థులును అధ్యాపకులును ఒక దినము పరిశోధనలు ఆపి, శాస్త్రము దేనికి వినియోగపడుచున్నదని విచారణ సలిపిరి. జలాంతర్గాముల నుండి ఎగురు అణుక్షిపణులకు దారిచూపు యంత్రములను ఆ విద్యాలయపు ప్రయోగశాల యొకటి తయారుచేయుచుండెను. విద్యార్థుల ఒత్తిడి కొనసాగగా 1973లో విద్యాలయము ఆ ప్రయోగశాలతో సంబంధము తెంచుకొనెను. ఇది గెలుపే; కాని సగపు గెలుపు. ప్రయోగశాల గేటు దాటి వేరుసంస్థయై అదే పని సాగించినది. విద్యాలయము చేతులు కడుగుకొన్నది, క్షిపణులు తగ్గలేదు. నిజము దాచి విద్యార్థులను పొగడుట మా పద్ధతి కాదు. తన విద్యాలయమును శుద్ధిచేసికొనుట మొదటి మెట్టు మాత్రమే. దేశముల నడుమ సంధులు కుదిరినగాని ఆయుధము తగ్గదు.

అందుచేతనే విరోధులు మరియొక మాట అందురు. ఊరేగింపులవలన ఒరిగిన దేమున్నది? ఏ ప్రభుత్వము వినినది? ఈ ప్రశ్నకు లెక్కలతో బదులు కలదు.

1950వ దశకమున బాంబులను బహిరంగముగా ఆకాశములో ప్రేల్చి పరీక్షించుచుండిరి. ఆ ధూళిలో స్ట్రాన్షియము-90 అను విషపదార్థము వానతో నేలకు దిగి, పచ్చికలో చేరి, ఆవు పాలలో చేరి, పసిబిడ్డల యెముకలలో చేరుచుండెను. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు పౌరులును, అచ్చటి విశ్వవిద్యాలయముల పండితులును కలిసి ఊడిన పాలపండ్లను సేకరింప మొదలిడిరి. తల్లులు పంపిన పండ్లు కొన్నియేండ్లలో మూడులక్షలు దాటినవి. ఆ పండ్లలో విషము పెరుగుచున్నదని పరీక్షలు ఋజువు చేసినవి. ఆ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయముననే 1957 మే మాసమున లైనస్ పాలింగ్ పండితుడు విద్యార్థులయెదుట ప్రసంగించి, వెనువెంటనే పరీక్షలను ఆపవలెనను విజ్ఞాపనము రచించెను. దానిపై 49 దేశముల శాస్త్రజ్ఞులు పదకొండువేలకు పైగా చేవ్రాళ్లు చేసిరి. 1962 ఫిబ్రవరి మాసమున వేలకొలది కళాశాల విద్యార్థులు వాషింగ్టన్ నగరమునకు పోయి చలిలో అధ్యక్షభవనము ముందు నిలువగా అధ్యక్షుడు కెనడీ వారికి వేడి కాఫీ పంపెను. కాఫీతో సరిపెట్టెనని ఆనాడు నవ్వినవారు కలరు. మరుసటి సంవత్సరము 1963 ఆగస్టు 5వ తేదీన ఆకాశమునను, సముద్రమునను, అంతరిక్షమునను పరీక్షలను నిషేధించు సంధి మాస్కోలో కుదిరినది. అది విద్యార్థులొక్కరే సాధించినది కాదు. క్యూబా సంక్షోభము పుట్టించిన భయము కలదు. ఉభయ ప్రభుత్వముల స్వప్రయోజనము కలదు. కాని తల్లుల పండ్లు, పండితుల చేవ్రాళ్లు, విద్యార్థుల కాళ్లు లేనిచో ప్రభుత్వములకు ఆ తొందర కలిగియుండెడిది కాదు.

మరియొక లెక్క. 1986లో ప్రపంచములో దాదాపు డెబ్బదివేల అణ్వస్త్రములుండెను. నేడు తొమ్మిది దేశములవద్ద కలిసి సుమారు పండ్రెండువేలు. ఇది చాలదు, నగరములన్నిటిని బూడిదచేయుటకు అవి యెక్కువ. కాని డెబ్బదివేలకును పండ్రెండువేలకును గల భేదము వాటంతట నవి తరిగినది కాదు. 1982 జూన్ 12వ తేదీన న్యూయార్కు వీధులలో దాదాపు పదిలక్షల జనము నడచిన తరువాత, ఐరోపా నగరములలో విద్యార్థులు ఏండ్లకొలది నడచిన తరువాత, 1987లో మధ్యదూర క్షిపణులను నిర్మూలించు సంధి వచ్చినది. ఉడుత సాయమే కావచ్చును. వారధి కట్టినవారిలో ఉడుతను లెక్కించుటయే మన సంప్రదాయము.

మూడవ యాక్షేపణ పండితులది. బాంబు భయమే యుద్ధమును ఆపుచున్నదనియు, ఎనిమిది దశాబ్దములుగా అణుయుద్ధము రాకపోవుటయే తార్కాణమనియు వారందురు. న్యాయస్థానమున ఇట్టి వాదమునకు మేము సాక్షులను పిలిపింతుము. మొదటి సాక్షి: 1962 అక్టోబరు 27వ తేదీన క్యూబా సమీపమున నీటిలో నున్న సోవియట్ జలాంతర్గామిలో అణుటార్పెడో ప్రయోగమునకు ఒప్పుకొనని ఆర్ఖిపోవ్ అను అధికారి. రెండవ సాక్షి: 1983 సెప్టెంబరు 26వ తేదీన అమెరికా క్షిపణులు వచ్చుచున్నవని యంత్రము చూపినను అది యంత్రదోషమని నమ్మి పైవారికి యుద్ధవార్త పంపని పెట్రోవ్ అను అధికారి. ఆ రెండు దినములలోను లోకమును కాపాడినది సిద్ధాంతము కాదు; సిద్ధాంతము ప్రకారము నడువని ఇద్దరు మనుష్యులు. మూడవ సాక్ష్యము మన యింటిది. 2022 మార్చి 9వ తేదీన మన దేశమునుండి బ్రహ్మోస్ క్షిపణి యొకటి పొరపాటున ఎగిరి పాకిస్తానులో మియాన్ చన్ను అను ఊరివద్ద పడినది. దానియందు ప్రేలుడు పదార్థము లేదు, ప్రాణనష్టము జరుగలేదు, తరువాత మన ప్రభుత్వము ముగ్గురు వాయుసేన అధికారులను ఉద్యోగమునుండి తొలగించెను. ఆ దినమున అవతలివారు ఓర్చుకొనిరి. ప్రతిసారియు ఓర్తురని పూచీపడువా డెవడు? ఇంతవరకు ఇల్లు కాలలేదు గనుక పొయ్యి ప్రక్కను గడ్డివామి వేసికొనవచ్చునని వాదించుటకును దీనికిని భేదము మాకు కనబడదు.

ఇక మిగిలినది దేశభక్తి మాట. మన దేశము 1974లోను, 1998 మే మాసమునను బాంబు పరీక్షించినది. ఇట్టిచో నిరాయుధీకరణ మనుట దేశద్రోహము కాదా యని గొంతు పెంచువారు కలరు. వారు దేశచరిత్ర చదువవలెను. 1954 ఏప్రిల్ 2వ తేదీన లోక్‌సభలో నెహ్రూగారు అణుపరీక్షలను నిలుపవలెనని లోకమునకు మొట్టమొదట ప్రతిపాదించిరి. 1988 జూన్ మాసమున రాజీవ్ గాంధీగారు ఐక్యరాజ్యసమితిలో 2010 నాటికి అణ్వస్త్రములన్నిటిని నిర్మూలించు ప్రణాళికను సమర్పించిరి. 2003లో ప్రకటించిన మన అణువిధానములో మొదటి దెబ్బ మనము కొట్టమనియు, అణ్వస్త్రములు లేని ప్రపంచమే మన గురి యనియు వ్రాసియున్నది. కాబట్టి అణ్వస్త్ర నిర్మూలనము కోరు విద్యార్థి ప్రభుత్వపు మాటనే ప్రభుత్వమునకు జ్ఞాపకము చేయుచున్నాడు. 2017 జూలై 7వ తేదీన 122 దేశములు ఓటుచేసి అణ్వస్త్ర నిషేధసంధిని ఆమోదించినప్పుడు మన దేశము ఆ సభకే పోలేదు. తక్కిన అణుదేశములును పోలేదు. సంధి 2021 జనవరి 22వ తేదీనుండి అమలులో కలదు. చేరకపోవుటకు మన ప్రభుత్వమునకు కారణములుండవచ్చును. చైనా కలదు, పాకిస్తాను కలదు. కాని కారణము చెప్పుమని పౌరుడు అడుగుట ద్రోహమెట్లగును?

ఒక దేశమే ముందుగా ఆయుధము పారవేయవలెనని విద్యార్థులు కోరుచున్నారనుకొనుట పొరపాటు. వారు కోరునది ఉభయులకును కట్టుబాటు. శత్రువుల నడుమ కట్టుబాటు కుదురదనువారు మన సరిహద్దునే చూడవచ్చును. పరస్పరము అణుకేంద్రములపై దాడిచేయరాదని భారత పాకిస్తానములు 1988 డిసెంబరు 31వ తేదీన ఒడంబడిక చేసికొన్నవి. దాని ప్రకారము 1992 నుండి ఏటేట జనవరి 1వ తేదీన తమ తమ అణుకేంద్రముల పట్టికలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. 1999లో కార్గిల్ పోరు జరిగిన పిమ్మటను ఆ పట్టికలు ఆగలేదు. ఒక్క కాగితము ఇంతకాలము నిలిచినప్పుడు రెండవ కాగితమునకు ప్రయత్నించుట అవివేకము కాదు. ఇరుదేశముల నడుమ అణుయుద్ధము జరిగినచో ఐదుకోట్లనుండి పండ్రెండున్నర కోట్లవరకు జనులు చత్తురని 2019లో అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కగట్టి ప్రకటించిరి. చచ్చువారిలో దేశభక్తు లెందరో, ద్రోహు లెందరో ఆ లెక్కలో విడదీసి చూపలేదు.

మన బాంబునకు నాగసాకి బిడ్డలు ఇచ్చిన బదులు చదువరులు తెలిసికొనదగినది. 1998లో భారత పాకిస్తానములు బాంబులు ప్రేల్చినప్పుడు ఆ నగరపు జనులు దుఃఖించి, ఉన్నత పాఠశాల విద్యార్థులను ఐక్యరాజ్యసమితికి శాంతిదూతలుగ పంప నారంభించిరి. 2001 నుండి ఆ పిల్లలు వీధులలో నిలువబడి చేవ్రాళ్లు సేకరించి జెనీవాకు తీసికొనిపోవుచున్నారు. 2012లో నాగసాకి విశ్వవిద్యాలయమున అణ్వస్త్ర నిర్మూలన పరిశోధన కేంద్రము వెలసినది. ఆ నగరమునుండి కళాశాల విద్యార్థులు సంధుల చరిత్ర, ఆయుధముల లెక్కలు చదివి అంతర్జాతీయ సభలకు పోవుచున్నారు. తరగతి గదులతో సహా కాలిపోయిన ఆ వైద్యకళాశాల నేడు ఈ విశ్వవిద్యాలయములో నొక భాగమని చదువరులు గమనింతురు గాక.

తొందర యేమని యడుగువారికి రెండు సంగతులు. బాంబు దెబ్బ తిని బ్రతికిన జపానువారి సంఘమగు నిహోన్ హిడాన్‌క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమానము వచ్చినది. 2025 నాటికి అట్టి బాధితుల సంఖ్య లక్షకు తగ్గినది. వారి సగటు వయస్సు ఎనుబదియారు దాటినది. కంటితో చూచిన సాక్షులు ఒక్కరొక్కరే వెడలుచున్నారు. సాక్షులు లేని వ్యాజ్యెము ఎటుపోవునో మాకు తెలియును. రెండవది: అమెరికా రష్యాల దూరక్షిపణులపై నెక్కుపెట్టిన అణ్వస్త్రములను చెరి 1,550కి మించనీయని ‘న్యూ స్టార్ట్’ సంధి గడువు 2026 ఫిబ్రవరి 5వ తేదీతో తీరిపోయినది. ఏబదియేండ్లుగా ఏదో యొక కట్టుబాటు క్రింద నున్న రెండు మహారాజ్యముల నడుమ గట్టు తెగినది. కాపలావారు ముసలివారై పోవుచుండగా గట్టు తెగిననాడు పిల్లలను పొలమునకు పోవలదని చెప్పుట యే పెద్దరికము?

విద్యార్థులకును రెండు మాటలు చెప్పవలసియున్నది. మీ పక్షమున వాదించినంతమాత్రమున మీరు చేయున దంతయు మాకు సమ్మతమని తలపవలదు. ఆగస్టు 6వ తేదీన దీపములు వెలిగించి, ఛాయాచిత్రములు దిగి, 7వ తేదీన మరచిపోవు ఉద్యమము మూన్నాళ్ల ముచ్చట. సంధి చదువక సంధి కోరువానిని ఎదుటి పక్షము ఒక్క ప్రశ్నతో పడగొట్టును. వైద్యవిద్యార్థులారా, అణుదాడి జరిగిన నగరమున ఎన్ని ఆసుపత్రులు మిగులునో, కాలిన దేహములకు చికిత్స చేయుటకు ఎందరు వైద్యులుందురో లెక్కవేయుడు. ఆ లెక్కవేసిన వైద్యుల అంతర్జాతీయ సంఘమునకు 1985లో నోబెల్ శాంతి బహుమానము వచ్చినది. న్యాయశాస్త్ర విద్యార్థులారా, 1996 జూలై 8వ తేదీన అంతర్జాతీయ న్యాయస్థానము ఇచ్చిన అభిప్రాయమును చదువుడు. అణ్వస్త్ర ప్రయోగము సామాన్యముగ యుద్ధధర్మమునకు విరుద్ధమనుచునే, దేశపు మనుగడయే ప్రమాదమున పడినప్పటి సంగతి తేల్చలేమని న్యాయమూర్తులు వదలిన సందును తెలిసికొనుడు. ఆ సందులోనే మీ రేపటి వాదము కలదు. భౌతికశాస్త్ర విద్యార్థులారా, మీకు ఉద్యోగమిచ్చు సంస్థ ఏమి చేయునో, మీ వేతనము ఏ ఖాతానుండి వచ్చునో చేరకముందే అడుగుడు. రోట్‌బ్లాట్ వెడలినప్పుడు లాస్ ఆలమాసు మూతపడలేదు. కాని యాబది సంవత్సరములు గడచిన పిమ్మట, 1995లో, శాంతి బహుమానము అందుకొనుటకు ఆయన తలయెత్తి నిలువగలిగెను.

మన తెలుగు బిడ్డలు వేలకొలది అమెరికాలో చదువుచున్నారు. కాలిఫోర్నియాలోను, టెక్సాసులోను తెలుగు విద్యార్థి లేని పెద్ద విశ్వవిద్యాలయ మరుదు. అప్పుచేసి పంపిన తలిదండ్రులు ఇక్కడ కన్నులలో వత్తులు వేసికొని యుందురు. వీసా యను కాగితము మీద ఆ పిల్లల జీవితము నిలిచియున్నది. పరాయిగడ్డపై వారిని వీధికెక్కుడని చెప్పు సాహసము మాకు లేదు. అట్లు చెప్పువాడు వారి హితుడు కాడు. కాని తెలిసికొనుటకు వీసా అక్కరలేదు. తాము చదువు విద్యాలయము ఏ ఒడంబడికలలో నున్నదో, తమ ఆచార్యుని పరిశోధనకు ధనము ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొని, తమ దారి తాము ఎన్నుకొనవచ్చును. ఇక్కడ చదువు పిల్లలకు ఆ భయమైనను లేదు. తమ పార్లమెంటు సభ్యుని పిలిచి, 2017 సభకు మనమేల పోలేదనియు, మొదటి దెబ్బ కొట్టమను మాట నిలుపుదురా యనియు అడుగుటకు కాలేజీ చర్చాసభ యొకటి చాలును.

పెద్దలకు మా కడపటి మనవి. విద్యార్థులకు అణుబాంబుతో నేమి పని యని ఇకమీదట అడుగవలదు. బాంబు మనము చేసితిమి, మనము దాచితిమి, దాని గడియారమునకు మనమే కీలిచ్చితిమి. అది ప్రేలకుండ ఏబదియేండ్లు చూచుకొనవలసిన భారము ఆ పిల్లల తలమీద పెట్టి మనము వెడలిపోవుదుము. తండ్రి చేసిన అప్పు తీర్చవలసిన కొడుకునకు ఆ పత్రము చదువుకొను హక్కు ఏ ధర్మశాస్త్రమును కాదనలేదు. వారిని చదువనిండు, అడుగనిండు, వారడిగినప్పుడు బదులు చెప్పుటకు మనమును కొంత చదువుదము.